తొంభై ఎనిమిది డిగ్రీలు

ఆఫీసు గుమ్మం దగ్గర చేతుల్లో పడే శానిటైజర్ వాసనకు ఇప్పటికీ నాకు ఖాజాగూడ బడిలోని ల్యాబు గుర్తుకొస్తుంది. ల్యాబంటే రేకుల కప్పు కింద రెండు బల్లలు, ఒక అల్మారా, నీలి మంటతో వెలిగే స్పిరిట్ దీపాలు. కిటికీ అవతల గుట్టల మీద సీతాఫలాలు కళ్లు విచ్చుకునే రోజుల్లో కొత్త ఆఫీసుల కోసం బండలు పేల్చే చప్పుడుకు గాజు సామాను గలగలలాడేది, సన్నని రాతిపొడి వచ్చి మా జడల మీద వాలేది. మా నాన్న ఆ బండలు కొట్టే పనిలోనే ఉండేవాడు.

తొమ్మిదో తరగతిలో నీళ్లు ఎంత వేడికి మరుగుతాయో కొలిచి రికార్డులో రాయమన్నారు. నా థర్మామీటర్‌లో పాదరసం తొంభై ఎనిమిది దగ్గర ఆగింది, అదే రాశాను. మిగతావాళ్లంతా పుస్తకంలో ఉన్న వంద రాశారు. ఆ ఏడే బందరు నుంచి వచ్చిన సైన్సు టీచరు సువార్త మేడం నా అంకెను ఎర్రసిరాతో కొట్టేసి పక్కన ‘అశ్రద్ధ’ అని రాశారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. లేచి నిలబడ్డాను.

“నేను చూసింది గదే మేడం. మళ్ల పెట్టి చూసిన, గంతే వచ్చింది.”

“అయితే పుస్తకం తప్పంటావా? రేపు మీ నాన్నగారిని తీసుకురా.”

మర్నాడు నాన్న పనిలోంచే వచ్చాడు. కనుబొమల నిండా తెల్లటి రాతిపొడి. ల్యాబు బయట ఎవరూ చెప్పులు విడవరు, ఆయన విడిచాడు. సంగతేమిటని నన్ను అడగనైనా అడగలేదు. తరగతి మొత్తం చూస్తుండగా చేతులు జోడించి, “జర మాఫ్ చెయ్యండి మేడం, పోరి తప్పు రాసింది, దిద్దుకుంటది” అన్నాడు. వెనక బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఈయన మా నాన్న కాకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా సిగ్గేసి తల ఎత్తలేకపోయాను.

ఆ జోడించిన చేతులు చూసి మేడం ఇబ్బంది పడ్డారు. “అయ్యో, ఉండండి” అంటూ తనే దీపం వెలిగించి నీళ్లు పెట్టారు. నీళ్లు తెర్లినా పాదరసం తొంభై ఎనిమిది దాటలేదు. థర్మామీటర్ మార్చారు. అదీ అంతే. కాసేపు ఆవిరివైపే చూసి, “మా బందరులో వందే వచ్చేదండి. అది సముద్రపు ఒడ్డు, ఈ ఊరు ఎత్తు మీద ఉంది. ఎత్తున కాస్త ముందే మరుగుతాయి, నాకే తట్టలేదు. మీ అమ్మాయి రాసింది నిజమేనండి” అన్నారు.

అప్పుడైనా నాన్న చేతులు దించుతాడనుకున్నాను.

“మీరు పెద్ద మనసుతోని అంటున్నరు. తప్పు పోరిదే మేడం” అన్నాడు. ఆవిడ ఎంత చెప్పినా అదే మాట.

ఇంటికి వస్తూ చెరువు కట్ట మీద అడిగాను, నాదే కరెక్టని మేడమే అన్నాక కూడా ఎందుకట్లన్నవని.

“రేపటి సంది నీకు సదువు చెప్పాల్సింది ఆమెనే గద బిడ్డా.”

బడి పిల్లలెవరైనా మమ్మల్ని కలిపి చూస్తారేమోనని ఆయనకంటే కాస్త ముందుగా నడిచాను.

ఆ బడి స్థానంలో ఇప్పుడొక అద్దాల భవనం ఉంది. గుట్టలు సగం పోయాయి, సీతాఫలాలు ఎక్కడి నుంచో ట్రాలీల్లో వస్తాయి. చెరువు పక్కన నడవడానికి చక్కటి బాట వేశారు. పక్కన నడవడానికి నాన్న లేడు.