ఎల్లేశం పెట్టుకున్న ఒట్టు

ఎల్లేశం జనగామ వైపునుంచి వచ్చి మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీకి క్యాబ్ నడిపేవాడు. కొండాపూర్‌లో నారాయణప్పతో కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాడు. నారాయణప్పది మదనపల్లె, ప్లాట్లు అమ్మే ఆఫీసులో ఉద్యోగం. లోకానికి వాళ్లు రూమ్మేట్లు. తలుపు గడియ పడ్డాక ఒకరికొకరు ప్రాణం. నవ్వినా పక్కగదికి వినపడకుండా నవ్వుకునేవారు.

2011లో సకల జనుల సమ్మె నడుస్తుండగా ఎల్లేశం అన్న కొమురయ్య ఒక పిల్ల ఫొటో పట్టుకొచ్చాడు. తప్పించుకునే దారి తోచక ఎల్లేశం, "తెలంగాణ వచ్చేదాక పెండ్లి చేసుకోనని ఒట్టు పెట్టుకున్ననే" అన్నాడు. కొమురయ్య పొంగిపోయి ఊరంతా చెప్పాడు. ఆ తర్వాత ఊరికెళ్తే పెద్దమనుషులు లేచి మరీ కుర్చీ చూపించేవారు. ఎల్లేశానికి అందులో ముళ్లమీద కూర్చున్నట్టుండేది.

అతని క్యాబ్‌లో రోజూ వచ్చే ఇంజనీరు భార్గవి సెలవు రోజుల్లో ఒక చిన్న సినిమా తీస్తోంది. బంద్ నాడు ఒకే గదిలో చిక్కుకుపోయిన ఇద్దరు మగవాళ్లు, ఒకరిది తెలంగాణ, ఒకరిది సీమ, కూరలో కారం దగ్గర పోట్లాట మొదలుపెట్టి ప్రేమలో పడతారు. ఆ రెండు యాసలూ కావాలని ఆమె వీళ్లిద్దరినీ అడిగింది. వేషమే కదా అని ఒప్పుకున్నారు. తీరా కెమెరా ముందు నారాయణప్ప చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేసరికి ఎల్లేశం వేళ్లు బిగుసుకుపోయాయి.

"సిగ్గెందుకు? ఇది నటనే కదా" అంది భార్గవి.

నారాయణప్పకు నవ్వాగలేదు. ఆ సాయంత్రమే ఇద్దరూ ఆమెకు అన్నీ చెప్పేశారు. ఎల్లేశం ఒప్పుకున్నాక ఆమె ఆ ఒట్టును కూడా కథలో పెట్టింది.

సినిమా పూర్తవడానికి రెండేళ్లు పట్టింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇలాంటి సంబంధం నేరమేనని తీర్పు చెప్పడంతో, సినిమా ఆడిస్తామని మాటిచ్చిన హాలువాళ్లు వెనక్కి తగ్గారు. చివరికి ఒక డాన్స్ క్లాసు గది దొరికింది.

ఫిబ్రవరిలో పార్లమెంటులో తెలంగాణ బిల్లు గట్టెక్కిన రోజు ఎల్లేశం వీధిలో గులాల్ చల్లుతూ నిజంగానే ఏడ్చాడు. అప్పుడే కొమురయ్య ఫోన్ చేశాడు. "వచ్చింది గదరా. ఇగ పిల్లను చూస్తున్నం."

గదికి వస్తే నారాయణప్ప కిటికీ మూసుకుని కూర్చున్నాడు. తడిగుడ్డతో ఎల్లేశం ముఖం తుడుస్తూ, "మీ రాష్ట్రం వచ్చె. సంతోషమేనాప్పా?" అన్నాడు.

"సంతోషమే. ఊపిరే ఆడుతలేదు."

మర్నాడు ఎల్లేశం అన్నకు ఫోన్ చేశాడు. "ఆదివారం నా సిన్మా ఉందే. జర వచ్చి చూడు."

కొమురయ్య వచ్చాడు. కారం గొడవకు కడుపు పట్టుకుని నవ్వాడు. తెరమీద ఎల్లేశం పెళ్లి తప్పించుకోవడానికి ఒట్టు మాట చెప్పగానే గదంతా గొల్లున నవ్వింది. కొమురయ్య నవ్వు మాత్రం ఆగిపోయింది.

బయటికొచ్చాక అడిగాడు. "ఆ మాట సిన్మాలదా, నీదా?"

"నాదే అన్నా."

కొమురయ్య బస్సెక్కి వెళ్లిపోయాడు.

పిల్ల మాట మళ్లీ రాలేదు. బోనాలకు రమ్మన్న పిలుపూ రాలేదు. ఇద్దరూ అదే గదిలో, అదే గడియ వెనక బతికారు. దసరా ముందు ఒకరోజు కొమురయ్య ఫోన్ చేశాడు.

"ఒక్కనివే ఉంటున్నవా?"

"లేదన్నా, ఇద్దరం."

"తిన్నరా?" అన్నాడు కొమురయ్య.