పొట్టేలు తల పట్టుకున్న రోజు

నా చిన్నప్పుడు నేను దయ్యాలకు భయపడలేదు, పాములకు భయపడలేదు. పశువుల కాంపౌండరు చేతిలోని ఇనుప పట్టకారును చూస్తే మాత్రం నా పై ప్రాణాలు పైనే పోయేవి. ఇన్నేళ్ళ తర్వాత ఆ పట్టకారు మళ్ళీ గుర్తుకొచ్చిందంటే అదంతా మా మనవరాలి కుందేలు పుణ్యమే.

అనంతపురంలో మా కొడుకు ఇంట్లో ఆ తెల్ల కుందేలుదే రాజ్యం. కూనగా ఉన్నప్పుడు బుద్ధిగానే ఉండేది. ఈడుకొచ్చినప్పటి నుంచి పరుపుల మీద ఉచ్చ పోయడం, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు కరవడం! పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే నెమ్మదిస్తుందని డాక్టరమ్మ చెప్పింది. మా కోడలు తేల్చేసింది: ఆపరేషనైనా చేయించండి, లేదా కొత్తచెరువు ఊళ్ళో కుందేళ్ళు సాకే ఆయనకు ఇచ్చేయండి. ఆయన సాకేది కూరకని పిల్లకు తెలియదు, నాకు తెలుసు. మత్తు ఇస్తే మళ్ళీ లేవదేమోనని పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకుని నా మంచం పక్కన ఏడుస్తూ కూర్చుంది. "నువ్వే చెప్పు జేజీ, చేయించాల్నా, వద్దా?" అని నన్ను పట్టుకుంది. నాకు మాత్రం ధైర్యం యాడుంది? అందుకే నాకు జరిగింది చెప్పాను.

అప్పుడు మేము తనకల్లు దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. తల్లి చచ్చిపోయిన ఒక గొర్రెపిల్లకు నేను సీసాతో పాలు పట్టి పెంచాను. బుడ్డోడు అని పిలిచేదాన్ని. వాడు పొట్టేలయ్యాక కొమ్ములు తిరిగాయి, వాటితోపాటు పొగరూ వచ్చింది. ఇంటికొచ్చిన చుట్టాన్నల్లా పొడిచేవాడు. నా దగ్గర మాత్రం పిల్లిలా ఉండేవాడు.

ఒకరోజు మా నాయన కదిరి సంతకు పోయాడు. ఆయన అటు పోవడం ఆలస్యం, మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, కాంపౌండరును పిలిపించింది. బుడ్డోడికి విత్తు కొట్టిస్తారని, అంటే పట్టకారుతో నొక్కించి మగతనం పోగొడతారని నాకు తెలిసిపోయింది. అంతకుముందు మా కోడెకు ఆ పట్టకారు వేసినప్పుడు అది పెట్టిన రంకె ఇంకా నా చెవుల్లోనే ఉంది. బుడ్డోణ్ణి మెడ పట్టి లాక్కుపోయి శనక్కాయ కట్టె వామి వెనక దాక్కున్నాను. చూడండి నా తెలివి! పొట్టేలును దాచడానికి దానికిష్టమైన మేత దగ్గరికే తీసుకుపోయాను. వాడు కింది నుంచి కట్టె పీకి పీకి తిన్నాడు. కాసేపటికి సగం వామి మా ఇద్దరి మీదా పడింది.

ఆ చప్పుడుకు జేజి వచ్చింది. వీపు పగలగొడుతుందని కళ్ళు మూసుకున్నాను. ఆమె కొట్టలేదు. నా తల మీది కట్టె దులిపి పక్కన చతికిలబడింది.

"వాడు సచ్చిపోతాడు జేజీ," అన్నాను వెక్కుతూ.

"నాకూ భయమే మే. అయినా చేయించల్ల. ఎందుకని ఇప్పుడు అడగద్దు. వాని తల నువ్వు పట్టుకో. భయపడు, ఏడ్చుకో, నీ ఇష్టం. తల మాత్రం ఇడవద్దు. వానికి నీ మొగం కనపడల్ల."

పట్టుకున్నాను. పట్టకారు పడినప్పుడు వాడి ఒళ్ళు బిగుసుకుపోవడం నా చేతులకు తెలిసింది. నెత్తురు రాలేదు కానీ, వాడు ఒక మూల పడుకుని సాయంత్రం దాకా లేవలేదు. మేత ముట్టలేదు. ఆ పూటంతా నాకు జేజి మొహం చూస్తేనే కంపరమెత్తింది.

పొద్దు వాలేవేళకు నాయన వచ్చాడు. చేతిలో పసుపు, కుంకుమ, పూలదండ ఉన్నాయి. కొన్నేళ్ళకొకసారి ఊరంతా కలిసి అమ్మవారికి చేసే దేవర ఆ ఏడు మా ఊళ్ళో రాబోతోంది. ఇంటికొక పొట్టేలును బలి ఇవ్వాలి. నాయన బుడ్డోణ్ణి అమ్మవారికి విడవాలని వచ్చాడు. ఆ సంగతి జేజికి ముందే తెలుసు.

"వానికి విత్తు కొట్టిచ్చినా," అంది జేజి, చాట చెరుగుతూ. మా ఆచారం ప్రకారం విత్తు కొట్టిన పొట్టేలు అమ్మవారికి పనికిరాదు.

"ఏం పని చేస్తివమ్మా! నన్నొక మాట అడగాల్సిన పన్లేదా?"

"అడిగింటే ఒప్పుకుంటాంటివా?"

నాయన దండ అక్కడే పారేసి వెళ్ళిపోయాడు. నాకు అప్పుడు భయమేసింది, పొద్దున వేసినదానికంటే పెద్ద భయం. నేను బాగా దాచి ఉంటే వాడేమయ్యేవాడు! నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "నీ నోట్లో నువ్వుగింజ నానదు కదమ్మే," అని నా చేతిలో చింతచిగురు పెట్టింది. వాడి మూతి దగ్గర పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి నొప్పి పుట్టింది. చాలాసేపటికి పెదవి కదిలింది, చిగురు లోపలికి పోయింది. "తినె. ఇంగ బతికినట్టే," అంది జేజి. ఆ దేవరకు మా ఇంటి నుంచి ఇంకో పొట్టేలు పోయింది. దాని తల ఎవరు పట్టుకున్నారో నేను చూడలేదు. బుడ్డోడు మాత్రం ముసలితనం వచ్చేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు.

ఇదంతా విని మా మనవరాలు ఒళ్ళోని కుందేలు చెవులు నిమిరింది. చివరికి తనే చేయిద్దామంది. ఆపరేషన్ రోజు కోడలు మనుషులకు లాగే కుందేలునూ పస్తుంచబోతే, దీన్ని ఖాళీ కడుపుతో తేవద్దని డాక్టరమ్మ ఫోన్‌లో కేకలేసింది. మత్తు ఎక్కేదాకా దాని తల పిల్ల చేతుల్లోనే ఉంది. ఇంటికొచ్చాక అది బుడ్డోడి లాగే మూల చేరి ఏమీ ముట్టలేదు. పిల్ల కొత్తిమీర కొమ్మ పట్టుకుని నేల మీద బోర్లా పడుకుంది. "జేజీ, చెయ్యి వణకతాంది," అంది. వణకనీ, తీయద్దు అన్నాను. ఎంతసేపటికో ఒక ఆకు కదిలింది, తర్వాత కొమ్మే కదిలింది.

జేజి నాకు భయం పోగొట్టలేదు. అది ఇప్పటికీ నాతోనే ఉంది. మా ఆయన గుండె ఆపరేషన్‌కు సంతకం పెట్టిన రోజు కూడా నా చెయ్యి అలాగే వణికింది. అయినా ఆయనను లోపలికి తీసుకుపోయేదాకా, ఆయనకు నా మొహం కనపడేచోటే నిలబడ్డాను.