మా వదిన దయ్యం

2025 డిసెంబరు పద్నాలుగు, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న మా ఊరి ప్రార్థనా మందిరంలో కొత్తగా వచ్చిన పాస్టరుగారు "సాక్ష్యం చెప్పేవారెవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఎవరూ లేవలేదు. నేను వెనక్కి తిరిగి, గుమ్మం పక్క చివరి చాప మీద కూర్చున్న మా వదినను చూశాను. ఆమె కొంగు తలమీదికి లాక్కుని నేల చూసింది. ఏడేళ్ళ క్రితం అదే ప్రశ్నకు ఆమె అందరికంటే ముందు లేచేది. ఆమెను కూర్చోబెట్టింది నేనే.

వదిన అంటే మా మేనత్త కూతురు. చేపల గంప మోసి ఇల్లు నడిపిన మనిషి, బడికి వెళ్ళలేదు. మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటిదాన్ని కావడం చేత మందిరంలో వాక్యం చదివే బాధ్యత, ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. ఒత్తు పోకుండా, కామా దగ్గర ఆగి మరీ చదివేదాన్ని. జనం మర్యాదగా వినేవారు. ఏడ్చేది మాత్రం, దేవుడు తనకు చేసిన మేలు గురించి వదిన చెప్పే సాక్ష్యానికే. తొలి బిడ్డ పోయిన ఏడు ఆమెకు దయ్యం పట్టిందట, మూడు శుక్రవారాల ప్రార్థనకు వదిలిందట. ఆమె సాక్ష్యంలో మొదట్లో అది తుమ్ముతో పోయింది. మరుసటి ఏడు చెప్పినప్పుడు పోతూ పోతూ కిటికీ రెక్క విరిచింది. ఆ పై ఏడు సముద్రం దాకా అరుచుకుంటూ వెళ్ళింది. కిటికీ రెక్కకు చెద పట్టిందని నాకు తెలుసు. ఎవరూ నన్ను అడగలేదు. నాకు ఒక్క దయ్యమైనా పట్టలేదే అని లోలోపల కుమిలిపోయిన ఆదివారాలున్నాయి. నాకు జ్వరమైనా రెండు రోజులకు మించి నిలిచేది కాదు.

ఏడేళ్ళ క్రితం రాజాంలో సంఘాల స్త్రీల కూటం జరగవలసి ఉంది. మా సంఘం నుంచి ఒక్కరే మాట్లాడాలి. పతనమైన దేవదూతల గురించి నేను నాలుగు పేజీలు రాసి సిద్ధంగా ఉన్నాను. అప్పటి పాస్టరుగారి భార్య, పాస్టరమ్మగారు, వదిన పేరు చెప్పారు. కూటానికి ముందు ఆదివారం వదిన మందిరంలో మా అందరి ఎదుట సాక్ష్యం చెప్పి చూసుకుంది.

"నన్నొదిలే ముందర అది ఏడిసిందమ్మా! ఒకప్పుడు దేవుడి కాడ పాటలు పాడినాదంట. మట్టితో సేసిన మనిషిని ఆయన ముద్దుగా సూసుకుంటన్నాడని కుళ్ళుకుని కిందడిపోనాది. దాన్ని సూసి నాకే జాలేసినాది."

ముందు వరుసలో ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. నేను లేచి నిలబడ్డాను. "వదినా, ఆ మాట బైబిలులో ఏ పుస్తకంలో ఉంది? ఏ అధ్యాయం, ఏ వచనం?" అన్నాను. నా గొంతు ఎంత మృదువుగా ఉందో నాకిప్పటికీ గుర్తుంది. వదిన పాస్టరమ్మగారి వైపు చూసింది, నా వైపు చూసింది, కూర్చుంది.

బయట చెప్పులు వేసుకుంటుండగా నా పక్కకు వచ్చింది. కోపం లేదు. "నువ్వు సెప్పిందే కదేటి మరదలా. పిల్లలు ఇంటికొచ్చి సెప్పుకుంటంటే ఇన్నాను. బాగుందని దాసుకున్నాను. వచనం నెంబరు నాకేటి తెలుస్తాది?" అంది. ఆ పాఠం నాదే. కుళ్ళుకున్న దూత కథ వచనాలలో అలా లేదని తెలిసి కూడా, పిల్లలు శ్రద్ధగా వింటారని నేనే చేర్చాను. ఆ మాట ఒప్పుకుని లోపలికి తిరిగి వెళ్ళడానికి పది అడుగులు చాలు. నేను వెళ్ళలేదు. "రాజాం నువ్వే ఎల్లు, సదువుకున్నదానివి," అని వదిన గంప అందుకుంది.

వెళ్ళాను. నాలుగు పేజీలూ తప్పు లేకుండా చదివాను. దిగి వస్తుంటే ఒక ముసలమ్మ నా చేయి పట్టుకుని ఆపింది. మెచ్చుకుంటుందనుకున్నాను. "అమ్మీ, దెయ్యం ఒదిలినావిడ వస్తాదన్నారు. రాలేదేటి?" అంది.

వదిన ఆ తరువాత ఎన్నడూ సాక్ష్యం చెప్పలేదు. ఏడాదికొక వరుస చొప్పున వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా చేరింది. నేను పిల్లలకు ఆ పాఠం చెప్పడం మానేశాను. వాక్యం ఇప్పటికీ నేనే చదువుతున్నాను. ఆమెతో చెప్పవలసిన ఒక్క మాటకు మాత్రం ఏడేళ్ళు చాలలేదు, ఆమె వెనుక ఇక వరుసలు లేవు.