మధ్యాహ్నం వరకే చూసిన దీవి

సింధనూరులో టీ కప్పులు చిన్నవైపోయాయి. పూర్వం ఒక్క టీతో ఒక మనిషిని పూర్తిగా విమర్శించగలిగేవాళ్ళం. ఇప్పుడు అతని ఇంటిపేరు దగ్గరికి వచ్చేసరికే కప్పు ఖాళీ. (ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.) ఆ రోజుల్లో కప్పు పెద్దదే గాని, నేను కూర్చుని తాగిన పాపాన పోలేదు. నిలబడి, రోడ్డు వంక చూస్తూ తాగేవాణ్ణి. ఏ బస్సు కోసమని అడిగితే చెప్పలేను. ఏదో ఒకటి తప్పిపోతుందేమోనని.

తప్పు పూర్తిగా నాది కాదు. జవళగేరలో మా పొలం కాలువకి చిట్టచివర. మంగళవారం నీళ్ళొస్తాయని పైవాళ్ళు చెబితే, మా నాన్న సోమవారం నుంచే గట్టు మీద కాపలా పడుకునేవాడు. బుధవారానికి ఆయిల్ ఇంజను మాట్లాడి ఉంచేవాడు. గురువారానికి దేవుడికి మొక్కేవాడు. ఒక పనికి మూడు ఏర్పాట్లు మా వంశాచారం. దీన్ని నేను డిగ్రీ చదివి మరింత శాస్త్రీయం చేశాను.

చదువయ్యాక మావయ్య ఎరువుల కొట్లో చేరాను. ఆ ఏడు అమ్మకాలు బాగున్నాయని ఒక పురుగుమందుల కంపెనీ వాళ్ళు డీలర్లను గ్రీసు తీసుకెళ్ళారు. మావయ్య, అత్త బయల్దేరుతూ, ఇంగ్లీషు మాట్లాడ్డానికని సొంత ఖర్చుతో నన్నూ వెంటబెట్టుకున్నారు. అది పైకి చెప్పిన కారణం. వాళ్ళమ్మాయిని నాకివ్వాలా వద్దా అన్నది అప్పటికి ఇంట్లో తేలకుండా ఉంది. మరదలికి సరే, నాకు మరీ సరే. మావయ్య అత్త వంక చూసేవాడు, అత్త నా వంక చూసేది. "కూడా తిప్పుకుంటే మనిషి తెలుస్తాడు" అందట. బయల్దేరే ముందు మరదలు రహస్యంగా చెప్పింది: "బావా, అక్కడైనా కాస్త కుదురుగా ఉండు. మా అమ్మ చూస్తుంటుంది."

కంపెనీ వాళ్ళు తిప్పడం అయ్యాక మేం ముగ్గురం ఒక దీవికి వెళ్ళాలని ముందే అనుకున్నాం. కొట్లో క్యాలెండరు మీద ఉండేది ఆ దీవి: కొండ మీద తెల్ల ఇళ్ళు, కింద సముద్రం, అందులోకి దిగిపోతున్న సూర్యుడు. అత్త జీవితంలో కోరిన ఒకే ఒక్క ఊరు. బుధవారం పొద్దున విమానంలో వెళ్ళడం, శుక్రవారం రావడం, శనివారం ఇంటికి. ఇంత తేలిగ్గా ఉన్నదాన్ని హోటలు కౌంటరులో అమ్మాయి ఒక్క మాటతో చెడగొట్టింది. శుక్రవారం విమానాల వాళ్ళు సమ్మె చెయ్యొచ్చట, చెయ్యకపోవచ్చట.

ఆ 'చెయ్యకపోవచ్చు' నా చెవిన పడలేదు. రాయచూరులో కాలేజీ దోస్తుకి ఫోన్ చేశాను. "గట్లనే అంటరు బే. ఒక్క దినం బంద్ అంటరు, మూడు దినాలైతది. ముందుగాల బయటపడు" అన్నాడు. (వాడు ఆటో ఎక్కడానికి కూడా భయపడే మనిషి. ఆ సంగతి నాకు తర్వాత గుర్తొచ్చింది.) వెంటనే తిరుగు టికెట్లు గురువారానికి మార్చాను. సమ్మె ముందే మొదలైతేనో అనిపించి బుధవారం సాయంత్రానికి మార్చాను. ఎందుకైనా మంచిదని గురువారానికి పడవ టికెట్లు కూడా కొన్నాను. "సమ్మె వాళ్ళు చేస్తున్నారా, నీకోసం చేయిస్తున్నారా?" అన్నాడు మావయ్య, అంతే.

దీవి క్యాలెండరులో ఉన్నట్టే ఉంది. అత్త ఒక తెల్ల గోడ మీద కూర్చుని, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. "ఇంక నేను లేవను. పొద్దుగూకేదాకా ఇక్కడే."

"అత్తా, విమానం టైమవుతోంది" అన్నాను, మధ్యాహ్నమే.

"పోనీరా. ఇంకోటి రాదూ?"

"వస్తుందని గ్యారంటీ లేదత్తా."

అత్త సముద్రం వంక కాసేపు చూసి, చెప్పులు తొడుక్కుంది. మేం విమానంలో ఉండగా సూర్యుడు కుంగాడు, ఎడమవైపు కిటికీల్లో. తొందరగా దిగొచ్చని నేను మూడు సీట్లూ కుడివైపు, తలుపు దగ్గర తీసుకున్నాను. ఎడమవైపు వాళ్ళంతా ఫోన్లెత్తి ఫొటోలు తీసుకుంటుంటే, అత్త వాళ్ళ వీపులు చూసింది.

మర్నాడు పొద్దున, మళ్ళీ ఆ హోటల్లోనే, టిఫిను దగ్గరికి ఆ కౌంటరు అమ్మాయి నవ్వుతూ వచ్చి, సమ్మె మానుకున్నారని చెప్పింది. రెండు రోజులు ఖాళీ. కిటికీలోంచి కనిపించేది ఒక బస్టాండు. అందులో బస్సులు కూడా వేళకి తిరుగుతున్నాయి. నేను ఫోన్ తీసి, మళ్ళీ దీవికి సీట్లున్నాయేమో వెతకడం మొదలుపెట్టాను. లేవు. అయినా వెతుకుతూనే ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నాలోని ఆ కుర్రాడి మీద నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. చేతిలో ఫోన్ లాక్కుని, పక్కన కూర్చోబెట్టి, ఒక టీ తాగించాలనిపిస్తుంది.

అత్త మాత్రం రొట్టెకి వెన్న రాయడం ఆపి, నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"అమ్మాయినిచ్చామనుకో. అది ఏనాడన్నా అలిగి పుట్టింటికి పోతుందేమోనని, ఇంకో సంబంధం కూడా చూసి ఉంచుకుంటావా, అబ్బాయ్?"