పెట్టె మీద ఎర్ర దీపం

ఇంటి నెట్‌వర్కుకి తగిలించే చవక స్టోరేజి పెట్టెలోకి ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం ఎక్కించిన మొనగాడు కుందలహళ్ళి మొత్తంలో నేనొక్కణ్ణే. ఆ పెట్టెలోనే మా అత్తగారి పాటలున్నాయి. ఆమె పోయాక మా ఆవిడకి మిగిలిన గొంతు అదే, ఇంకో కాపీ లేదు.

లినక్స్ సగం ఎక్కేసరికి కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది. అదీ ఆగితే పెట్టె ఇక లేవదు.

"ఏమండీ, అమ్మ పాటలు?"

"నేనుండగా భయమేంటే!"

పెట్టె మీద ఎర్ర దీపం, పని పూర్తయినట్టు పచ్చబడేదాకా రెప్ప వెయ్యలేదని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. యూపీఎస్ ఇంకాసేపు నిలవాలని మానిటరు వైరు పీకింది ఆవిడే.

"ఇక తెరవండి వీరుడుగారూ, పచ్చబడింది," అంది.

కరెంటు రాగానే పాటలన్నీ సీడీలోకి ఎక్కించుకుంది. నన్ను దగ్గరికి రానిస్తేనా!