కింద నిలబడ్డ మనిషి

మతిమరుపు జబ్బు మీద పరిశోధన చేసే డాక్టర్లుగా మమ్మల్ని తయారుచెయ్యడానికి ఇద్దరు గురువులుండేవారు. పొద్దున ఆసుపత్రిలో నరాల డాక్టరుగారు, మధ్యాహ్నం నుంచి సమాజశాస్త్రం మేడమ్. ఆయన మెదడు స్కాన్ చూడమనేవారు, ఆవిడ రోగి ఇంటికెళ్ళి టీ తాగమనేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో విశాఖలో నా చదువు వీళ్ళిద్దరి మధ్యా నలిగింది.

మేడమ్ పెట్టిన నియమం ఒక్కటే, ఇంట్లో విన్నది, మా గురువులిద్దరి దగ్గర తప్ప, ఆ గడప దాటకూడదు. ఎవరింటికెళ్ళినా ముందు ఆ మాట ఇచ్చాకే చెప్పులు విడిచేవాణ్ణి.

అలా మాటిచ్చిన ఇళ్ళలో ఒకటి గాజువాక దాటాక, ఓ చిన్న ప్రైవేటు ఇనుప యార్డు వెనక ఉండేది. ఇంటాయన ఆ యార్డులో క్రేన్ ఆపరేటరు. గోదావరి జిల్లా నుంచి పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఇంకా రిటైరవ్వకుండానే జబ్బు మొదలైంది. సంగతి యార్డులో తెలిస్తే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు వాళ్ళిచ్చిన ఇల్లూ పోతుంది. అందుకే దాచారు. దాచింది భార్య ఒక్కతే కాదు, ఆయన స్నేహితుడు కూడా.

స్నేహితుడు ఈ ఊరివాడే, చుట్టరికం లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. క్రేన్ కింద నిలబడి చేత్తో సైగలు చేసేది అతనే. ఎత్తు, దించు, ఆగు. ఒక సైగ చేశాక, పైనున్నాయనకి అది అందిందని తెలిసేదాకా రెండోది చేసేవాడు కాదు. యార్డులో పని అలా నెట్టుకొస్తున్నారు. భార్య కూడా ఆ సైగలే నేర్చుకుంది. స్నానానికని లేచి ఆయన వీధి గుమ్మం వైపు నడిస్తే ఆమె పిడికిలి ఎత్తేది, ఆయన టక్కున ఆగేవారు. నాకు తెగ ముచ్చటేసింది. మన మందులు చెయ్యలేని పని వీళ్ళు చేస్తున్నారని మేడమ్ దగ్గర గొప్పలు కూడా పోయాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు గుమ్మం బయట స్నేహితుడు కలిసి, నవ్వుతూనే చెప్పాడు.

"మొన్న ఆగమని సెయ్యెత్తినాను డాక్టరు బాబూ. బావ ఆపనేదు. ఇనప గడ్డర్ దిగిపోనాది. పక్కకి గెంతీసినాను."

"దెబ్బ తగిలిందా?"

"ఏటవ్వనేదు. బావకి సెప్పకండి, బాధపడతాడు."

ఆ రోజే గురువులిద్దరికీ ఈ సంగతి చెప్పాను.

"ఇవాళే యార్డుకి చెప్పు, మనిషి చచ్చిపోతాడు," అన్నారు నరాల డాక్టరుగారు. "మాటిచ్చి లోపలికెళ్ళావు. ముందు ఆ ఇంటివాళ్ళతో మాట్లాడకుండా యార్డుకెలా వెళ్తావు?" అన్నారు మేడమ్. ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. ఇద్దరూ చెప్పింది నిజమే కాబట్టి ఇంకా మండింది.

మర్నాడు సాయంత్రం వెళ్ళి, స్నేహితుణ్ణీ పిలిపించి, గడ్డర్ సంగతి అందరి ముందూ ఆయనకే చెప్పాను. క్రేన్ ఎక్కడం మానకపోతే నేను మాట తప్పి యార్డులో చెప్పాల్సి వస్తుందని కూడా చెప్పాను.

ఆయన స్నేహితుడి వైపు తిరిగారు.

"కింద నువ్వున్నావా బావా?"

అతను తలొంచుకున్నాడు.

"అయితే నేనింక ఎక్కను," అన్నారాయన. "రేపే ఆఫీసులో చెప్పేస్తాను. ఇల్లు ఖాళీ చేసేద్దాం."

భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు మాత్రం గుండె తేలికపడింది. ఇన్నాళ్ళూ చూసిన వాళ్ళలో ఇంత గట్టి మనిషి లేడనుకున్నాను. కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని అందరికీ టీ తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగారు.

"రేపు మనది ఏ షిఫ్టు బావా?"

భార్య నా వైపు చూసింది.

"మీకింక డ్యూటీ లేదండి," అన్నాను.

ఆయనకి కోపం ముంచుకొచ్చింది. గ్లాసు ఠక్కున కింద పెట్టారు.

"ఎవరండీ ఆ మాటన్నది?"

"మీరేనండి."