అమ్మకు మిగిలిన సీటు

ఇవాళ తెనాలిలో ఒక బైకు సామాన్ల షాపులో స్పానర్లు చుట్టి పెట్టుకునే ఖాకీ గుడ్డ సంచి కనిపించింది.

మీలో ఎంతమంది నాన్న బండి ట్యాంకు మీద కూర్చుని ఊళ్లు తిరిగారు? ఎండకి తొడలు కాలిపోయేవి, గుర్తుందా?

సైడు బాక్సులో వేస్తే స్పానర్లు గలగలమంటాయని మా నాన్న పాత ప్యాంటు ఇచ్చి అమ్మ చేత అలాంటి సంచి కుట్టించాడు. ఒక్కో స్పానరుకి ఒక్కో అర. దాన్ని చుట్టి, వెనక సీటు మీద తాడుతో కట్టేవాడు. "ఎంత పద్ధతైన మనిషండీ!" అని వీధంతా మెచ్చుకునేది. మిగిలిన జానెడు చోటులో అమ్మ, ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని కూర్చునేది.

"కాస్త అటు జరపండి, జారిపోతున్నాను."

"దాన్ని కదపకు. వరస పోద్ది."

ఓసారి సూర్యలంక వెళ్తుంటే, బాపట్ల దాటాక గతుకులో బండి ఎగిరింది. అమ్మతోపాటు సంచీ రోడ్డు మీద పడింది. నాన్న బండి ఆపి పరుగెత్తాడు. అమ్మను దాటుకుని వెళ్లి, సంచి ముందు కూర్చుని దాన్ని విప్పాడు. ఒక్కో అరా తడిమి చూశాడు.

మోచేతి నెత్తురు కొంగుతో అద్దుకుంటూ అమ్మ ఆయన పక్కకొచ్చి నిలబడింది.

"అన్నీ ఉన్నాయాండీ?" అని అడిగింది.